ఏడాదైనా తట్టడవేనా?

చెన్నైలో పిల్లల్ని నాట్యం క్లాసుకు పంపే తెలుగు ఇళ్లలో ఏడాది తిరిగేసరికి ఒక అనుమానం మొదలవుతుంది. పక్క ఫ్లాటు పాప నవరాత్రి బొమ్మల కొలువులో అప్పుడే ఒక పాటకు ఆడేసింది. మనమ్మాయేమో ఇంకా ‘తై యా తై’ అంటూ కాళ్లు తట్టుకుంటూనే ఉంది. మాస్టారు సరిగ్గా చెబుతున్నట్టేనా? మొహమాటం లేని తల్లిదండ్రులు ఆ మాట మాస్టారినే అడిగేస్తారు. మొహమాటపడేవాళ్లు రెండో ఏడు ఇంకో క్లాసు వెతుక్కుంటారు.

అనుమానం సహజమే. కాకపోతే సంప్రదాయ నృత్య శిక్షణ బరువంతా ఆ విసుగుపుట్టించే నెలల మీదే ఉంది. పాటలు, నగలు, రంగస్థలం తర్వాత వచ్చి చేరతాయి. వారానికి రెండు క్లాసుల లెక్కన భరతనాట్యంలో అడవులకే (కాళ్లూ చేతులూ కలిపి చేసే మూల అడుగులకే) సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఇంతకంటే ముందే అయిపోయిందంటే పిల్ల అసాధారణంగా చురుకైనదై ఉండాలి, లేదా ఎక్కడో ఏదో వదిలేసి ఉండాలి. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

‘నల్లా ఉక్కారు’

అన్నిటికీ మొదలు అరమండి, అంటే సగం కూర్చున్న భంగిమ. తమిళం రాని పిల్లలకు కూడా మొదటి వారంలోనే వచ్చేసే తమిళం ‘ఉక్కారు’, అంటే కూర్చో. నల్లా ఉక్కారు (బాగా కూర్చో), ఇంకా ఉక్కారు అని మాస్టారు అంటూనే ఉంటారు, పిల్లలు లేస్తూనే ఉంటారు. పాదాలు రెండు పక్కలకూ తిరిగి, మోకాళ్లు విచ్చుకుని, వెన్ను నిటారుగా, బరువు రెండు పాదాల మీదా సమానంగా ఉండాలి. మడమల మధ్య ఎంత ఎడం ఉండాలన్నది బాణీని బట్టి, గురువును బట్టి మారుతుంది. ఆ విచ్చుకోవడం తుంటి కీలులో మొదలవ్వాలన్నది మాత్రం ఎక్కడా మారదు.

తుంటి అన్ని వైపులా తిరగగల కీలు. మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకునే కీలు. తొందరపడ్డ పిల్ల ముందు పాదాల్ని గీత గీసినట్టు పక్కలకు తిప్పేసి, ఆ తర్వాత కూర్చుంటుంది. తుంటి అంత దూరం తిరగదు. తక్కువపడ్డ ఆ కోణాన్ని మోకాలు మెలిపడి, పాదం వంపు లోపలికి కుంగి భర్తీ చేస్తాయి. చూసేవాళ్లకు పాదాలు అందంగానే కనిపిస్తాయి. కొన్నేళ్లకు మోకాలి లోపలి వైపు నొప్పి మొదలవుతుంది, నాట్యం వల్ల మోకాళ్లు పోయాయని పేరొస్తుంది. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. పైనుంచి చూస్తే మోకాలు పాదం రెండో వేలికి సూటిగా ఉండాలి. బొటనవేలి కంటే లోపలికి వాలుతుంటే పాదాల్ని కాస్త ముందుకు మళ్లించాల్సిందే, కోణం ఎంత తగ్గినా సరే.

వెన్ను సంగతి గోడ చెబుతుంది. మడమల్ని గోడకు కొంచెం ఎడంగా పెట్టి, వీపూ పిరుదులూ గోడకు ఆనించి నెమ్మదిగా కిందికి జారితే, గోడ లేనప్పుడు పిరుదులు ఎంత వెనక్కి పోతున్నాయో, ఛాతీ ఎంత ముందుకు పడుతోందో పిల్లకే తెలిసిపోతుంది. నడుము లోపలికి వంచేసి కూర్చునే అలవాటు పడితే నొప్పి మోకాలికి బదులు నడుముకు వస్తుంది. ఎంత లోతుగా కూర్చోవాలంటే, మడమలు నేల వదలకుండా, వెన్ను వంగకుండా ఎంత వస్తే అంత. ఏడేళ్ల పాపకు పదిహేనేళ్ల అమ్మాయి లోతు అక్కర్లేదు. పూర్తిగా కూర్చునే ముళుమండి, అందులోంచి గెంతే మండి అడవులు మోకాలి చిప్ప మీద బాగా బరువు వేస్తాయి. తెలిసిన గురువులు వాటిని పాఠక్రమంలో చివరికి నెట్టేది అందుకే.

కూర్చున్న ఎత్తు చెడకుండా కాలెత్తి నేలను తట్టడమే తట్టడవు. మడమ పిరుదు వైపు లేవాలి, మోకాలు పక్కకు చూస్తూనే ఉండాలి, పాదం మొత్తం ఒకేసారి నేలకు తగలాలి. వేళ్లు ముందు, మడమ వెనక పడితే ఒక తట్టుకు రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. బలం పెట్టి బాదడం దీన్ని సరిచేయదు. చప్పుడు శుభ్రంగా రావాలంటే పాదం చదునుగా పడాలి, అంతే. బాదే పిల్లలకు కొన్ని నెలల్లోనే పిక్క ముందు ఎముక వెంట, మడమ కింద నొప్పులు మొదలవుతాయి. ఇంకో తప్పు, ప్రతి తట్టుకూ ఒళ్లు పైకి లేచి పడటం. అద్దం మీద పిల్ల తల ఎత్తులో అడ్డంగా ఒక టేపు ముక్క అంటిస్తే చాలు, తల ఆ గీత దాటుతోందో లేదో తనే చూసుకుంటుంది. వంద మాటలు చేయని పని ఆ టేపు చేస్తుంది.

మూడు కాలాల లెక్క

ప్రతి అడవునూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చేయిస్తారు. లయ మారదు. ఒక్కో దెబ్బలో ఇమిడే అడుగులు రెట్టింపవుతూ పోతాయి. గురువు చెక్క మీద తట్టుకళితో (తాళం వేసే కర్రతో) నిమిషానికి 60 దెబ్బలు వేస్తున్నారనుకుందాం. మొదటి కాలంలో దెబ్బకు ఒక తట్టు, అంటే నిమిషానికి 60. రెండో కాలంలో 120. మూడో కాలంలో 240, అంటే సెకనుకు నాలుగు. అదే ఉత్సాహంలో 80 దగ్గర ఎత్తుకుంటే మూడో కాలం 320కి చేరుతుంది. ఆ వేగానికి మడమ పైకి లేచే వ్యవధి ఉండదు. పిల్లలు కాలు సగమే ఎత్తుతారు, అరమండిలోంచి తెలియకుండానే లేచి నిలబడతారు, చేతుల్ని సగంలో మింగేస్తారు. తల్లిదండ్రులకు అది చురుకుదనంలా కనిపిస్తుంది, ఫోన్లో వీడియో తీసి బంధువులకు పంపుతారు.

మొదటి కాలం తేలిక, మూడోది కష్టం అన్నది చూసేవాళ్ల అభిప్రాయం. చేసేవాళ్లను అడిగితే వేరేగా చెబుతారు. సెకనుకొక తట్టు అంటే ఒక కాలు గాల్లో ఉన్నంతసేపూ వంగిన రెండో కాలే ఒంటి బరువంతా మోయాలి. చేతులు భుజాల ఎత్తులో నాట్యారంభం అనే భంగిమలో ఉంటాయి, మోచేతులు వాలకూడదు. ఆది తాళంలో నాలుగు ఆవర్తాలు అంటే 32 అక్షరాలు (తాళం లెక్కలు), 32 సెకన్లు. తట్టడవులో ఎనిమిది రకాలూ వరుసగా చేస్తే నాలుగు నిమిషాలు దాటుతుంది. (అన్ని తట్టడవులూ ఎనిమిది లెక్కకు రావు గానీ అంచనాకు ఇది చాలు.) అన్నిసేపు లేవకుండా కూర్చోవడం, అదీ ఒక్క కాలమే. తొడల్లో బలం వచ్చేది ఇక్కడే. పైగా మూడో కాలంలో తప్పుకు వేగం ముసుగు వేస్తుంది. మొదటి కాలంలో వంగిన మణికట్టు, వాలిన మోచేయి, తేలిపోయిన చూపు అన్నీ బయటపడిపోతాయి. మంచి గురువులు అరంగేట్రం అయిపోయిన శిష్యుల చేత కూడా మొదటి కాలం చేయిస్తూ ఉండటంలో ఛాదస్తం ఏమీ లేదు.

తట్టడవు తర్వాత నాట్టడవు. కాలు పక్కకు చాచి మడమ నాటుతారు. చాచిన కాలి వైపు ఒళ్లు ఒరగడం, వంగి ఉన్న మోకాలు లోపలికి రావడం ఇక్కడి తప్పులు. ఆ తర్వాత వేళ్ల మీద గెంతి మడమలు దించే కుదిత్తుమెట్టు, జతుల (లయ పలుకుల వరుసల) ముగింపుల్లో వాడే తీర్మానం అడవులు, ఇంకా చాలా ఉన్నాయి. వరుస, సంఖ్య బాణీని బట్టి మారతాయి కాబట్టి పక్క క్లాసు నోటుబుక్కుతో పోల్చుకోవడం దండగ.

చూపు కూడా నాట్టడవు దగ్గరే మొదలవుతుంది. ‘యతో హస్తస్తతో దృష్టిః’ అనే శ్లోకాన్ని, అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలోనిది, గోడకు తగిలించుకోని క్లాసు అరుదు. చెయ్యి వెళ్లిన చోటికి చూపు, చూపు వెళ్లిన చోటికి మనసు, మనసు ఉన్నచోట భావం, భావం ఉన్నచోట రసం. దీన్ని అభినయానికి సంబంధించిన పెద్ద తాత్త్విక సూత్రంగా చెప్పుకుంటారు గానీ, దాని మొదటి ప్రయోజనం చాలా మామూలుది. ఎనిమిదేళ్ల పిల్ల చేయి చాచినప్పుడు అటు చూడటం అలవాటు చేసుకుంటే మెడ, భుజం, వెన్ను వాటంతటవే సరైన చోటికి వస్తాయి. చూపు అద్దంలో తనని తాను చూసుకోవడంలో ఉండిపోతే చెయ్యి ఒంటికి అతికించినట్టు ఉంటుంది. అద్దం ముందే నేర్చుకున్న పిల్లలకు ఈ జబ్బు ఎక్కువ. నెలలో కొన్ని క్లాసులైనా అద్దానికి వీపు పెట్టి చేయించాలి.

కాళ్లతో పాటు నోరు కూడా పనిచేయాలి. అడవు సొల్లుకట్టును, అంటే ‘తై యా తై’ లాంటి పలుకుల్ని, చేత్తో తాళం వేస్తూ మూడు కాలాల్లో చెప్పగలిగాకే కాలికి తేవడం సరైన పద్ధతి. ఆది తాళానికి ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. తకిట అంటే మూడు, తకధిమి నాలుగు, తకతకిట అయిదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తకతకిట తొమ్మిది. పంచ జాతులనేవి ఇవే. బస్సులో కూర్చుని తొడ మీద వేసుకోగలిగిన ఈ సాధనకు నేల అక్కర్లేదు, గజ్జెలు అక్కర్లేదు. అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. ఫలితం స్వరాలకు ఆడే జతిస్వరంలో కనిపిస్తుంది. కాళ్లు పాటను వెంబడిస్తుంటాయి, తాళాన్ని కాదు. మృదంగం ఒక్క ముక్తాయింపు కొత్తగా వాయిస్తే పిల్ల బిక్కచచ్చిపోతుంది.

నేల, గజ్జెలు, ఇంటి సాధన

చెన్నై ఫ్లాట్లలో సాధనకు పెద్ద చిక్కు నేల. కాంక్రీటు మీద అతికించిన టైల్స్ దెబ్బను ఏమాత్రం మింగవు, అంతా తిరిగి పిక్కకే వస్తుంది. అందులోనూ ఈ ఊరి ఉక్కకు పాదాలు చెమర్చి జారతాయి. దళసరి ఫోమ్ చాప వేస్తే దెబ్బ తగ్గుతుంది గానీ పాదం మెత్తగా దిగబడి చీలమండ మెలిపడే ప్రమాదం ఉంటుంది, చప్పుడు వినపడదు కాబట్టి తప్పూ తెలియదు. జంబుఖానా జారిపోతుంది. చెక్క పరిచిన నేల మేలు. అది కుదరనప్పుడు జారని పలచని రబ్బరు చాప, తట్టే బలం సగానికి తగ్గించడం, ఇంట్లో మొదటి రెండు కాలాలతో సరిపెట్టుకోవడం. కింది ఇంటివాళ్లతో గొడవ కూడా తప్పుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు శనివారం రెండు గంటల కంటే ఎక్కువ పని చేస్తాయి. మొదటి అయిదు నిమిషాలు చీలమండలు, తుంటి, భుజాలు తిప్పి ఒళ్లు వేడెక్కించాలి. తర్వాత మూడే మూడు అడవులు. చివర్లో పిక్కల్ని సాగదీయడం. పది అడవులు ఒక్కొక్కసారి చేయడం సాధన కాదు, గుర్తుందో లేదో చూసుకోవడం. ఆన్‌లైన్ క్లాసు అయితే ఇంకో తిప్పలు: శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు వేసే తాళానికి పిల్ల ఎప్పుడూ కాస్త వెనకబడే కనిపిస్తుంది. సొల్లుకట్టు రికార్డింగును పిల్ల దగ్గరే పెట్టుకుని దానికి ఆడటం మంచిది. వీడియో చూసి నేర్చుకునేవాళ్లకు కుడి ఎడమలు తారుమారవుతాయన్నది తెలిసిందే.

గజ్జెలు ఎప్పుడు కట్టాలి? అభినయ దర్పణం కంచు గజ్జెల్ని నీలి దారంతో ముడులు వేసి కట్టమంటుంది, ఒక్కో కాలికి రెండు వందలు గానీ వంద గానీ. ఇప్పుడు పిల్లలకు తోలు పట్టీ మీద కుట్టిన వరుసలు, సంఖ్య అంతకంటే తక్కువ. సంఖ్య ఎంతైనా గజ్జెకు దాపరికం తెలియదు. పాదం నేలను తాకే క్షణానికి ముందే కాలు ఈడిస్తే గజ్జె ముందు మోగుతుంది, తాకాక వణికితే వెనక మోగుతుంది. కాబట్టి తట్టు శుభ్రపడ్డాకే వాటిని కట్టాలి. ఫొటో కోసం మొదటి నెలలోనే కొనిపెట్టిన గజ్జెలు కాలి కదలికను బరువుతో మార్చేస్తాయి, ఆ అలవాటు తర్వాత వదలదు.

క్లాసుకు ముందూ వెనకా చేసే నమస్కారం గురించి ఒక మాట. నేలను కాళ్లతో తట్టబోతున్నందుకు భూమిని తాకి కళ్లకద్దుకోవడం అందులోని భావం. చివరి అంజలి మూడు చోట్ల పడుతుంది. అభినయ దర్పణం ప్రకారం తల మీద దేవతలకు, ముఖం దగ్గర గురువుకు, ఛాతీ దగ్గర విప్రులకు. ఈ కాలంలో మూడోదాన్ని సభకు అని చెబుతున్నారు, అది మంచి మార్పే. దీన్ని గబగబా ముగించే పిల్ల అడవుల్నీ అలాగే ముగిస్తుంది, గమనించి చూడండి. మోకాళ్లు పక్కలకు విచ్చుకుని కిందికి దిగడం, వెన్ను వంచకుండా పైకి లేవడం ఇందులోనే ఉన్నాయి.

ఈ వరుస ఎవరు పెట్టారు

అలరిప్పు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదాలు, తిల్లానా అనే కచేరీ క్రమం 19వ శతాబ్దంలో తంజావూరు నలువురు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు కుదిర్చినది. తంజావూరు దర్బారుల్లో తెలుగుకున్న స్థానం వల్లే ఈ క్రమంలో ఇన్ని తెలుగు వర్ణాలు, పదాలు, జావళీలు ఉన్నాయి. ఈ కళను తరాల పాటు మోసింది దేవదాసీ కుటుంబాలు, వారి నట్టువనార్లు (నాట్య గురువులు). 1930ల్లో అది సదిర్ అన్న పేరును వదిలి భరతనాట్యంగా సభలకెక్కింది. పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకున్న రుక్మిణీదేవి 1936లో కళాక్షేత్రం అనే నాట్య శిక్షణ సంస్థను స్థాపించారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీలుగా అంకితం చేయడాన్ని చట్టంతో ఆపింది. మధ్యతరగతి ఇళ్ల పిల్లలకు తలుపు తెరుచుకున్న ఆ దశాబ్దాల్లోనే, అంతవరకూ దాన్ని బతికించినవాళ్లలో చాలామందికి వేదిక దూరమైంది. శిక్షణ గురించి గొప్పగా మాట్లాడేటప్పుడు ఈ సగాన్ని వదిలేయడం న్యాయం కాదు. వీణ ధనమ్మాళ్ మనవరాలు, నర్తకి బాలసరస్వతి శృంగారాన్ని తగ్గించి చూపాల్సిన అవసరం లేదని చివరిదాకా వాదించారు. 1973లో మ్యూజిక్ అకాడమీ ఆమెకు సంగీత కళానిధి ఇచ్చింది.

కూచిపూడిది వేరే దారి. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో భాగవతులు మగవాళ్లే ఆడవేషాలు కట్టి ఆడిన నాటక సంప్రదాయం అది. దాన్ని పట్నం క్లాసుకు సరిపోయే అభ్యాసక్రమంగా మలచినవారిలో ముందు చెప్పాల్సిన పేరు వెంపటి చినసత్యం. 1963లో ఆయన మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కూచిపూడిలో నడక, ఊపు, ముఖాన చిరుహాసం భరతనాట్యం కంటే స్వేచ్ఛగా కనిపిస్తాయి. దాంతో అది తేలికైనదని చెన్నై తెలుగువాళ్లే అనుకోవడం విడ్డూరం. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి జతులకు కదలాలంటే పాదం వేళ్లు అంచును పట్టుకోవాలి, బరువు ఏ పక్కకూ తూగకూడదు, కిందికి చూడకూడదు. అరమండి పక్కాగా లేని పిల్ల చూపు పళ్లెం మీదికి దిగిపోతుంది, దాంతో ఒళ్లు ముందుకు పడుతుంది.

చేతులు, ఆ తర్వాత అర్థం

అభినయ దర్పణంలో అసంయుత హస్తాలు (ఒంటిచేతి ముద్రలు) 28. నాట్యశాస్త్రం లెక్క 24. క్లాసుల్లో ఎక్కువగా చెప్పేది మొదటిదే. (అభినయ దర్పణాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చింది చీరాల పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని ఎంతమందికి గుర్తుందో!) హస్తాల్లో అసలు ఇబ్బంది పేర్లు కాదు, వేళ్లు. త్రిపతాకంలో ఉంగరపు వేలు ఒక్కటే మడవాలి. ఆ వేలి స్నాయువులు పక్క వేళ్లవాటితో కలిసి ఉంటాయి కాబట్టి చిటికెన వేలు కూడా వంగి వస్తుంది. రెండో చేత్తో చిటికెన, మధ్య వేళ్లను నిటారుగా పట్టి ఉంగరపు వేలిని మాత్రం వంచుతూ కొన్ని వారాలు చేస్తే సర్దుకుంటుంది. అలపద్మంలో వేళ్లు విడివిడిగా తిరగాలి, చాలామంది అరచేయి చాచి ఊరుకుంటారు.

ప్రతి హస్తానికీ వినియోగ శ్లోకం ఉంది. పతాకానిది ‘నాట్యారంభే వారివాహే వనే వస్తునిషేధనే’ అని మొదలవుతుంది. నాట్యం ఆరంభం, మేఘం, అడవి, వద్దని చెప్పడం, అన్నిటికీ ఒకే చెయ్యి. అది మేఘమో నిషేధమో తేల్చేది చెయ్యి ఉన్న ఎత్తు, కదిలే వేగం, చూపు. అందుకే శ్లోకం గడగడా అప్పజెప్పే పిల్ల మేఘం పట్టలేకపోవచ్చు. అరచేయి పైకెత్తి, చూపు దాని కంటే పైకి పోకుండా చేతి దగ్గరే ఆగిపోతే మేఘం కనిపించదు, చెయ్యే కనిపిస్తుంది.

అభినయంలో తెలుగు పిల్లలకు ఒక సౌకర్యం ఉంది, ఒక గొయ్యీ ఉంది. తమిళ సహాధ్యాయి నోటుబుక్కులో అర్థం రాసుకుని బట్టీపట్టే పదం (అభినయానికి పాడే పాట) తెలుగమ్మాయికి వినగానే తెలిసినట్టే ఉంటుంది. కానీ క్షేత్రయ్యది 17వ శతాబ్దపు తెలుగు. మాటలు తెలిసినా గొంతు తెలియదు. నాయిక నిజంగా బాధపడుతోందా, ఎకసెక్కెమాడుతోందా, చెలికత్తె ముందు పరువు కాపాడుకుంటోందా అన్నది తేలనిదే చెయ్యి కదపకూడదు. రెండో గొయ్యి, మాట మాటకూ ముద్ర పట్టడం. కన్ను అంటే కన్ను, రాత్రి అంటే రాత్రి. అలా చేస్తే పాట వినపడనివాళ్లకు చెబుతున్నట్టుంటుంది. పనికొచ్చే పద్ధతి వేరు. ముందు ఆ చరణాన్ని పిల్ల తన మాటల్లో చెప్పాలి: ఎవరు, ఎవరితో, ఏ వేళప్పుడు, ఇంతకుముందు ఏం జరిగాక అంటున్నారు. తర్వాత మాటకు మాటగా ఒకసారి పట్టాలి. ఆపైన అదే పంక్తి నాలుగైదుసార్లు తిరిగొచ్చినప్పుడు ప్రతిసారీ కొత్త సంచారి, అంటే అదే మాటకు కొత్త భావం అల్లడం. మొదటిసారి ఫిర్యాదు, రెండోసారి పాత జ్ఞాపకం, మూడోసారి దెప్పిపొడుపు. అరగంట నుంచి ముప్పావుగంట నడిచే వర్ణాన్ని మోసేది ఈ సంచారులే. మధ్యలో తీర్మానాలు, స్వరాలు వచ్చి అరమండిని మళ్లీ పరీక్షిస్తాయి. అలసిపోయిన కాళ్లతో ముఖంలో భావం నిలవదు. అభినయం రాలేదని గురువు దగ్గర వాపోయే తల్లిదండ్రులు చాలాసార్లు చూడాల్సింది పిల్ల తొడల బలం.

చూపుల్లో అందరూ చేసే తప్పు ఒకటి నవ్వు తెప్పిస్తుంది. యశోదగా ఆడుతున్న పిల్ల మొదటి పంక్తిలో మోకాలి ఎత్తున ఉన్న కృష్ణుణ్ని బెదిరిస్తుంది. రెండో పంక్తికి చూపు నడుము ఎత్తుకు లేస్తుంది. మూడో పంక్తికి వచ్చేసరికి కృష్ణుడు తల్లంత వాడైపోతాడు. గదిలో ఒక స్టూలు పెట్టి దాని వైపే చూస్తూ సాధన చేయించి, వారం తర్వాత స్టూలు తీసేయాలి. చెలికత్తె అయితే కంటి ఎత్తున, ఒక మూలకు. ఆమె చోటు మారాలంటే పాత్ర కదిలి చూపించాలి.

వయసు సంగతి కూడా మాట్లాడాలి. అష్టనాయికల్లో ఖండితను పన్నెండేళ్ల పాప చేత చేయించడం చూస్తూనే ఉంటాం. రాత్రంతా వేరే ఇంట్లో గడిపి వచ్చిన ప్రియుణ్ని నిలదీయడం ఆ పిల్లకు ఏం అర్థమవుతుంది? గురువు ముఖాన్ని కాపీ కొడుతుంది, ఆ కాపీ పెద్దయ్యాక కూడా పోదు. వాత్సల్యం, భక్తి, దొంగ కృష్ణుడి అల్లరి ఉన్న పాటలకు కొరత లేదు. శృంగారాన్ని దాచాల్సిన పనీ లేదు, తొందరపడాల్సిన పనీ లేదు.

నోరెత్తకుండా ఉండటాన్ని క్రమశిక్షణగా చూపించే క్లాసులు ఇప్పటికీ ఉన్నాయి. ‘ఈ కాలు ఎందుకు ఇలా?’ అని పిల్ల అడిగితే కారణం చెప్పగలగాలి. మోకాలు నొప్పి అంటే వంకలని కొట్టిపారేయకూడదు. చేత్తో సరిదిద్దాల్సి వస్తే ముందు చెప్పి ముట్టుకోవాలి. పెద్దలు ఎప్పుడైనా వచ్చి చూసేలా క్లాసు ఉండాలి. చేరే ముందే ఇవి అడగడంలో గురువును అవమానించడం ఏమీ లేదు.

అరంగేట్రం తేదీ

ఇంత సాధనా పాడయ్యేది ఎక్కువగా అరంగేట్రం దగ్గర. రెండు రెండున్నర గంటల ఒంటరి ప్రదర్శన అది. నట్టువాంగం (తాళాలు మోగిస్తూ జతులు చెప్పడం), గాత్రం, మృదంగం, వయొలినో వేణువో, హాలు, పట్టు దుస్తులు, టెంపుల్ నగలు, మేకప్, ఆహ్వాన పత్రికలు, భోజనాలు. పెళ్లి ఖర్చు వరస. డబ్బు సంగతి ఎవరి స్తోమతు వారిది. నష్టం తేదీ ముందు ఖాయం చేసుకోవడంలో ఉంది. డిసెంబరు, జనవరి హాళ్లు సభల సీజన్‌కు పోతాయి. మిగిలిన నెలల్లో స్కూలు పరీక్షలు తీసేస్తే మంచి హాలు దొరికే శని ఆదివారాలు కొన్నే. వాటికోసం ఏడాది ముందు అడ్వాన్సు కట్టేస్తారు. ఇక అక్కణ్నుంచి అడవుల సాధన ఆగిపోతుంది, ఐటెములు గుర్తుపెట్టుకోవడం మొదలవుతుంది. వాద్యబృందంతో రిహార్సల్ మూడు నాలుగుసార్లయినా లేకపోతే రికార్డింగుకు అలవాటుపడ్డ కాళ్లు ఎదురుగా నట్టువాంగం తాళాలు మోగగానే తడబడతాయి. గాయకుడు ఆ సాయంత్రం ఒక పంక్తిని ఇంకోసారి పాడితే ఏం చేయాలో పిల్లకు తెలియదు.

తేదీ అడిగే ముందు ఇంట్లోనే చూసుకోదగిన పరీక్షలు ఉన్నాయి. పాట లేకుండా, తట్టుకళి మాత్రమే వింటూ ఏ అడవు అడిగినా మూడు కాలాలు చేయగలగాలి, ఎత్తు మారకూడదు. వర్ణం మొత్తం ఆపకుండా ఆడి, అయిదు నిమిషాలు ఆగి, వెంటనే ఒక పదం అభినయించగలగాలి, ఊపిరి ముఖంలో కనిపించకూడదు. తను ఆడే ప్రతి జతినీ తాళం వేస్తూ నోటితో చెప్పగలగాలి. ఇందులో ఏది తడబడినా ఆరు నెలలు ఆగడం మేలు. అంత ఆగలేనివాళ్లకు ఇంకో దారి ఉంది: అలరిప్పు, జతిస్వరం, శబ్దంతో చిన్నగా గజ్జెపూజ చేసుకుని, వర్ణాన్ని నింపాదిగా నేర్చుకోవడం. పదో తరగతిలోపు అయిపోవాలన్న పట్టుదల చెన్నైలో ఎక్కువ, తర్వాత ప్లస్ టూ చదువు మింగేస్తుందని. ప్లస్ టూ అయ్యాక చేసిన అరంగేట్రం చెల్లదని మాత్రం ఏ శాస్త్రంలోనూ రాసిలేదు.